పేగు దారి మళ్లిస్తే షుగర్ ఎందుకు దిగింది?

స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని కమిటీ మిత్రులు అడిగారు. బహదూర్‌పురాలో పెరిగినవాణ్ని కాబట్టి మీరాలం చెరువు గురించో, జూపార్కు గురించో, పురానాపూల్ గురించో రాస్తానని వాళ్లు అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్న చరిత్ర వేరు. అది మనందరి ఒంట్లో నడుస్తున్నది.

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపు చూస్తే సంగతి తెలుస్తుంది. ఒకప్పుడు యూనిట్ టెస్టు మార్కులు పోల్చుకున్నవాళ్లం ఇప్పుడు హెచ్‌బీఏ1సీ అంకెలు పోల్చుకుంటున్నాం. తేడా ఒకటే, అప్పుడు ఎక్కువ వచ్చినవాడు గొప్ప, ఇప్పుడు తక్కువ వచ్చినవాడు గొప్ప. ఆ గ్రూపులో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటే షుగర్ పోతుందట కదా, నిజమేనా?" అని. నేను డాక్టర్ని కాను, సివిల్ ఇంజనీర్ని. కానీ ఒక నిర్మాణం నిలబడిందా లేదా అని చూసేటప్పుడు ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఎన్నేళ్లు నిలిచింది అని అడగడం మా వృత్తి నేర్పిన అలవాటు. ఆ మూడు ప్రశ్నలు పట్టుకుని చదివితే తెలిసిన కథ ఇది.

మన ఊరి లెక్క

ముందు మన ఊరి సంగతి. 2000లో దేశంలోని ఆరు మహానగరాల్లో 20 ఏళ్లు దాటినవారిపై ఒక పెద్ద మధుమేహ సర్వే జరిగింది. ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. ముంబయిలో 9.3 శాతం, ఢిల్లీలో 11.6, కోల్‌కతాలో 11.7, బెంగళూరులో 12.4, చెన్నైలో 13.5 శాతం మందికి షుగర్ ఉందని తేలింది. అన్నిటికంటే పైన ఉన్నది హైదరాబాద్, 16.6 శాతం. అంటే పెద్దవాళ్లలో ప్రతి ఆరుగురికి ఒకరు. మనం బడి వదిలి ఉద్యోగాల్లో కుదురుకుంటున్న రోజుల లెక్క అది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. పోషకాహార లోపాలపై పరిశోధించే జాతీయ సంస్థ ఉన్నదీ మన ఊళ్లోనే. 1918లో కూనూరులో మొదలైన ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. తార్నాకలోని ఎన్‌ఐఎన్ అంటే అందరికీ తెలుసు. 1960ల్లో అక్కడి శాస్త్రవేత్తల దిగులు తిండి చాలని పిల్లల గురించి, జొన్నలు తప్ప మరోటి దొరకని తెలంగాణ రైతుకూలీలకు వచ్చే పెల్లాగ్రా గురించి. ఒక్క తరం తిరిగేలోపు అదే నగరం షుగర్ పట్టికలో మొదటికి వచ్చింది.

దీనికి తిండి ఒక్కటే కారణమని అనలేం. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటోను లాన్సెట్ పత్రికలో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పైకి సన్నగా కనిపించే భారతీయుడి లోపల కొవ్వు దాగి ఉంటుందని ఆ ఒక్క ఫొటో చెప్పింది. "నేను లావు లేను కదా, నాకెందుకు వచ్చింది?" అని అడిగే మన మిత్రులకు జవాబు అందులో ఉంది.

అనుకోకుండా కనబడిన సంగతి

షుగర్‌లో రెండు రకాలున్నాయని మన పాతవాళ్లకు తెలుసు. బక్కపలచనివారికి వచ్చేది ఒకటి, స్థూలకాయులకు వచ్చేది ఒకటి అని చరక, సుశ్రుత సంహితల్లోనే ఉంది. ఆధునిక వైద్యంలో ఆ తేడాను ప్రయోగంతో చూపినవాడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్, 1936లో. కొందరికి ఇన్సులిన్ లేక షుగర్ వస్తుంది, కొందరికి ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట వినక వస్తుంది. ఆ రెండోదే మనలో ఎక్కువమందికి ఉన్న టైప్-2.

ఈ వ్యాధికి ఆపరేషన్ ఒక మందు కాగలదని ఎవరూ కూర్చుని ఆలోచించి కనిపెట్టలేదు. ఇన్సులిన్ వచ్చిన కొద్ది ఏళ్లకే, 1925లో, లాన్సెట్‌లో ఒక చిన్న నివేదిక వచ్చింది. జీర్ణాశయాన్ని చిన్నపేగుతో కలిపే ఆపరేషన్ చేశాక ఒక రోగికి మూత్రంలో చక్కెర పోవడం ఆగిందని దాని సారాంశం. 1955లో అమెరికా సర్జన్లు మరో ముగ్గురు రోగుల గురించి రాశారు. కడుపులో పుండ్ల కోసం జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేస్తే వాళ్ల షుగర్ కూడా మెరుగుపడింది. ఈ నివేదికలను ఆనాడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. సర్జన్లు చూసినదాన్ని షుగర్ డాక్టర్లు చదవలేదు.

బరువు తగ్గించే సర్జరీ కథ వేరే దారిలో మొదలైంది. 1954లో మిన్నెసోటాలో క్రెమెన్, లినర్ బృందం చిన్నపేగులో చాలా భాగాన్ని తప్పించి కలిపే పద్ధతిని ప్రకటించింది. తిన్నది ఒంటికి పట్టదు కాబట్టి బరువు తగ్గుతుందని ఆలోచన. బరువు తగ్గింది నిజమే. కానీ తర్వాతి ఏళ్లలో కాలేయం చెడటం, కిడ్నీలో రాళ్లు, విటమిన్ల లోపం బయటపడ్డాయి. చివరికి ఆ ఆపరేషన్‌ను వదిలేయాల్సి వచ్చింది.

అయోవా విశ్వవిద్యాలయంలోని ఎడ్వర్డ్ మేసన్ మరో సంగతి గమనించాడు. పుండ్ల కోసం జీర్ణాశయంలో కొంత తీసేసిన స్త్రీలు తర్వాత ఎంత తిన్నా లావెక్కడం లేదు. దాన్నే ఆధారం చేసుకుని 1966లో చికాషి ఇటోతో కలిసి గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. బైపాస్ అంటే మనకు రోడ్డు గుర్తొస్తుంది. ఇదీ అలాంటిదే. ఊరి మధ్యలోంచి పోయే బండిని ఊరి బయట దారికి మళ్లించినట్టు, తిండిని జీర్ణాశయంలో ఎక్కువ భాగం తాకకుండా, చిన్నపేగు మొదటి భాగం దాటించి కిందికి పంపుతారు. 1994లో ఇదే ఆపరేషన్‌ను చిన్న రంధ్రాల ద్వారా చేసే పద్ధతి అచ్చయింది. ఆ తర్వాత స్లీవ్ పద్ధతి వచ్చింది. అందులో పేగును ముట్టుకోరు, జీర్ణాశయాన్ని నిలువుగా కోసి అరటిపండంత గొట్టంలా మిగులుస్తారు. నిజానికి అది ఇంకో పెద్ద ఆపరేషన్‌కు మొదటి అంచెగా పుట్టింది. చాలామందికి మొదటి అంచెతోనే పని జరిగిపోవడంతో అదే ఒక ఆపరేషన్‌గా నిలబడింది.

బరువు దిగకముందే షుగర్ దిగింది

ఇక అసలు మలుపు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో గ్రీన్‌విల్ అనే ఊరు. అక్కడ వాల్టర్ పోరీస్ అనే సర్జన్ బైపాస్ చేస్తూ ఒక వింత గమనించాడు. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే రోగుల షుగర్ మామూలు స్థాయికి వస్తోంది. ఇన్సులిన్ ఇంజక్షన్లు ఆపేయాల్సి వస్తోంది. అప్పటికింకా బరువు చెప్పుకోదగినంత తగ్గనే లేదు. లావు తగ్గితే షుగర్ తగ్గుతుందని అందరికీ తెలుసు. లావు తగ్గకముందే షుగర్ తగ్గడం మాత్రం ఎవరి లెక్కకూ అందలేదు.

పోరీస్ తొందరపడలేదు. 14 ఏళ్ల పాటు 608 మంది రోగుల వివరాలు కూడబెట్టి 1995లో అచ్చువేశాడు. ఆపరేషన్‌కు ముందు షుగర్ ఉన్న 146 మందిలో 121 మందికి, అంటే దాదాపు 83 శాతానికి, షుగర్ మామూలుగా ఉంది. షుగర్ అంచున ఉన్న 152 మందిలో 150 మంది బాగుపడ్డారు. ఎవరనుకున్నారు ఇలా అవుతుందని, అనే అర్థం వచ్చేలా ఆ వ్యాసానికి పేరు పెట్టాడు.

ఎందుకిలా జరిగింది? దీని మూలం 1964లోనే ఉంది. గ్లూకోజును నరంలోకి ఎక్కిస్తే వచ్చే ఇన్సులిన్ కంటే, అదే గ్లూకోజు నోటితో తాగితే వచ్చే ఇన్సులిన్ ఎక్కువని అప్పుడు తెలిసింది. అంటే పేగు కేవలం గొట్టం కాదు. తిండి తనను తాకగానే క్లోమానికి కబురు పంపుతుంది. ఆ కబుర్లలో ముఖ్యమైనది జీఎల్‌పీ-1 అనే హార్మోను. ఇది ఎక్కువగా చిన్నపేగు చివరి భాగం నుంచి వస్తుంది. బైపాస్ చేసినప్పుడు తిండి త్వరగా ఆ చివరికి చేరుతుంది, కబురు గట్టిగా వెళ్తుంది. 2004లో ఫ్రాన్సెస్కో రుబినో ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇంకో ముక్క కలిపింది. ఆ ఎలుకలు లావువి కావు, కానీ షుగర్ ఉన్నవి. చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పిస్తే, జీర్ణాశయం ముట్టుకోకపోయినా, వాటి షుగర్ మెరుగైంది.

ఒక సివిల్ ఇంజనీర్‌గా నాకు ఇక్కడ ఒళ్లు పులకరించింది. కాలువ దారి మార్చడానికి వెళ్లినవాళ్లకు, అది కాలువ మాత్రమే కాదు, టెలిఫోన్ లైను కూడా అని తెలిసింది.

ఎన్నేళ్లు నిలిచింది?

కట్టడం అందంగా ఉంటే చాలదు. వానలకు నిలవాలి. ఆపరేషన్ ఒక గుంపుకు, మందులు ఇంకో గుంపుకు ఇచ్చి పోల్చిన పరీక్షల్లో పేరున్నది అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌ది. షుగర్ అదుపులో లేని 150 మందిని తీసుకుని మూడు గుంపులు చేశారు. ఏడాది తర్వాత హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకు తక్కువకు వచ్చినవారు మందుల గుంపులో 12 శాతం, బైపాస్ గుంపులో 42, స్లీవ్ గుంపులో 37 శాతం. ఇది 2012 నాటి ఫలితం. ఐదేళ్లకు ఆ అంకెలు 5, 29, 23 శాతానికి దిగాయి. ఆపరేషన్ మందుల కంటే మేలన్నది నిలిచింది. కానీ మొదటి ఏడాది ఆనందం అందరికీ నిలవలేదు.

స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనం ఇంకా దూరం వెళ్లింది. ఆపరేషన్ అయిన రెండేళ్లకు షుగర్ ఉన్నవారిలో 72 శాతం మందికి అది వెనక్కి తగ్గింది. 15 ఏళ్లకు ఆ సంఖ్య 30 శాతమే. మామూలు వైద్యం పొందినవారిలో అప్పటికి 6.5 శాతం. అయితే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం ఆపరేషన్ గుంపులో సుమారు సగానికి తగ్గింది. షుగర్ వచ్చిన తొలి ఏళ్లలోనే ఆపరేషన్ అయినవారికి మేలు ఎక్కువ జరిగింది.

అందుకే డాక్టర్లు దీన్ని నయం కావడం అనరు, రెమిషన్ అంటారు. మందులు లేకుండా మూడు నెలలు హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువ ఉంటే రెమిషన్ అని 2021లో నిర్వచనం చేశారు. మంట ఆరింది, నిప్పు బూడిద కింద ఉండొచ్చు అని దాని భావం.

నష్టాలూ చెప్పాలి. అమెరికాలో 2009లో అచ్చయిన ఒక పెద్ద లెక్క ప్రకారం ఆపరేషన్ అయిన 30 రోజుల్లో చనిపోయినవారు వెయ్యికి ముగ్గురు. తక్కువే, కానీ సున్నా కాదు. కుట్ల దగ్గర లీకు కావచ్చు. ఐరన్, బీ12, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం చూసుకోవాలి. తీపి తింటే కళ్లు తిరగడం, చెమటలు పట్టడం కొందరికి ఉంటుంది. దావత్‌లో ఒక ప్లేటు బిర్యానీ ముందు కూర్చుని నాలుగు ముద్దలకే లేవాలి, అది ఒక్క రోజు కాదు, ఎప్పటికీ.

మూసీ ఒడ్డున

ఈ కథలో మన ఊరికీ చోటుంది. కడుపు కోసే సర్జరీ సాధ్యమైంది మత్తుమందు వల్ల. 1888, 1889 సంవత్సరాల్లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆరో నిజాం డబ్బుతో, క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకు నేరుగా ప్రమాదం లేదని అవి తేల్చాయి. ప్రపంచమంతా ఆ మాట విన్నది. 1911 నాటికి ఆ నిర్ణయం సరికాదని, క్లోరోఫాం గుండెను ఉన్నట్టుండి ఆపగలదని తెలిసింది. ఏ వైద్యం గురించైనా తొందరగా ఆఖరి మాట చెప్పకూడదన్న పాఠం మన మూసీ ఒడ్డునే పుట్టింది. ఆ ఆసుపత్రి 1908 వరదల్లో కొట్టుకుపోయింది. తర్వాత ఏడో నిజాం కాలంలో లేచినదే మన ఉస్మానియా.

ఇక షుగర్ సర్జరీ. బ్రెజిల్ సర్జన్ ఆరియో డి పౌలా ఒక కొత్త పద్ధతి తెచ్చాడు. చిన్నపేగు చివరి భాగంలోంచి ఒక ముక్కను, రక్తనాళాలు తెగకుండా, పైభాగానికి మార్చి కలుపుతారు. జీఎల్‌పీ-1 పంపే ముక్క తిండికి ముందే ఎదురవుతుందన్నమాట. హైదరాబాద్‌లో డాక్టర్ సురేంద్ర ఉగాలే ఈ ఆపరేషన్‌ను స్లీవ్‌తో కలిపి చేశారు. ఇక్కడి ఎండోక్రైనాలజిస్టులతో కలిసి 2012లో 43 మంది రోగుల ఫలితాలు అచ్చువేశారు. వారిలో 20 మందికి రెమిషన్ వచ్చింది, మిగిలినవారికి మందులు తగ్గాయి. 2014లో ఆ బృందమే ఎవరికి ఫలితం బాగుంటుందో ముందే అంచనా వేసే ఏడు అంశాల పట్టిక ఇచ్చింది. వయసు, బీఎంఐ, షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, ఇన్సులిన్ వాడుతున్నారా, క్లోమంలో సత్తువ ఎంత మిగిలింది వంటివి అందులో ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కువగా చేసేది ఇప్పటికీ బైపాస్, స్లీవ్‌లే. కానీ అందరికీ ఒకే కోత కాదు, ముందు లెక్క వేసుకోవాలి అన్న మాట మన ఊరి నుంచి కూడా వెళ్లింది.

ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు రెండు వందల కిలోలు దాటిన ఒక యువకుడికి ఈ ఆపరేషన్ చేశారని కొన్నేళ్ల కిందట పత్రికల్లో చదివాం. లక్షలు పెట్టగలిగినవారికే అనుకున్నది సర్కారు దవాఖానా దాకా వచ్చిందంటే పాతబస్తీవాళ్లుగా మనకు సంతోషమే.

కత్తి చెప్పిన మాట

ఆపరేషన్ చేయించుకోనివారికి ఈ చరిత్రతో పనేమిటి? అసలు మేలు వాళ్లకే జరిగిందని నేను అంటాను.

బైపాస్ తర్వాత కొద్ది రోజుల్లోనే షుగర్ దిగడానికి హార్మోన్లతో పాటు ఆ రోజుల్లో తిండి బాగా తగ్గడం కూడా కారణం కావచ్చని న్యూకాజిల్‌లో డాక్టర్ రాయ్ టేలర్ ఆలోచించారు. 2011లో 11 మంది షుగర్ రోగులకు 8 వారాల పాటు రోజుకు సుమారు 600 క్యాలరీలే ఇచ్చి చూశారు. వారంలోనే పరగడుపు షుగర్ మామూలైంది. కాలేయంలో, క్లోమంలో కొవ్వు కరగడం స్కానింగ్‌లో కనిపించింది. తర్వాత బ్రిటన్‌లో మామూలు క్లినిక్‌లలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివారిపై, ఇదే దారిలో పరీక్ష జరిగింది. ఏడాదికి 46 శాతం, రెండేళ్లకు 36 శాతం మందికి మందులు లేకుండా షుగర్ వెనక్కి తగ్గింది.

ఇంకోవైపు పేగు పంపే కబురునే మందుగా మార్చారు. 2025లో మన దేశ మార్కెట్‌లోకి వచ్చిన మౌంజారో, వెగోవీ ఇంజక్షన్లు ఆ హార్మోన్ల పోలికలో తయారైనవే. పేగు మార్గాన్ని మార్చకుండానే ఆ కబురును పంపే ప్రయత్నమన్నమాట. ఆపితే బరువు తిరిగి రావడం వాటితో ఉన్న చిక్కు.

మన చిన్నప్పుడు ఇళ్లల్లో షుగర్ వచ్చిందంటే ఇక పోదు, రోజురోజుకూ పెరగడమే అనేవాళ్లు. డాక్టర్లూ అదే నమ్మారు. ఆ నమ్మకాన్ని మొదట కదిలించింది సర్జరీ. టైప్-2 షుగర్ వెనక్కి నడవగలదు, అదీ తొలి ఏళ్లలో అయితే. సర్జన్ల కత్తి వైద్యానికి చెప్పిన మాట ఇదే.

ఆకలి అన్నది మనసు బలహీనత మాత్రమే కాదు, పేగు హార్మోన్లు నడిపించేది అని కూడా ఈ చరిత్ర చూపింది. లావుగా ఉన్న మిత్రుణ్ని "నోరు కట్టుకోలేవా?" అని ఎగతాళి చేసేముందు ఇది గుర్తుంచుకోవాలి. క్లాసులో లావుగా ఉండే పిల్లలకు మనం పెట్టిన పేర్లు మనందరికీ తెలుసు. అవి ఈ జూబ్లీతో ఆగిపోతే బాగుంటుంది.

మిత్రులకు నాలుగు మాటలు

ఆపరేషన్ ఎవరికి అన్న ప్రశ్నకు ఒక లెక్క ఇస్తాను. 2016లో 45 వైద్య సంస్థలు సమర్థించిన మార్గదర్శకాలు ఆసియావాసులకు హద్దులు తగ్గించాయి. షుగర్ ఉండి బీఎంఐ 37.5 దాటితే సర్జరీ సిఫారసు చేయవచ్చు. 32.5 దాటి మందులతో అదుపులోకి రాకపోయినా సిఫారసు చేయవచ్చు. 27.5 దాటి అదుపు తప్పి ఉంటే ఆలోచించవచ్చు. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి ఇవి సుమారు 106, 92, 78 కిలోలు. 78 కిలోలంటే మన బ్యాచ్‌లో చాలామంది బరువే. అలాగని అందరూ పరుగెత్తాలని కాదు. ఇది డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాల్సిన అంకె మాత్రమే.

షుగర్ కొత్తగా వచ్చినవారు ఇంకా చూద్దాంలే అని ఏళ్లు గడపొద్దు. తిండితోనా, మందుతోనా, ఆపరేషన్‌తోనా అన్నది తర్వాతి మాట, తొలి ఏళ్లే విలువైనవి. ఆపరేషన్ చేయించుకోవాలనుకునేవారు ఎంత బరువు తగ్గుతానని మాత్రమే కాక, ఐదేళ్ల తర్వాత నన్ను ఎవరు చూస్తారని కూడా అడగండి. ఇప్పటికే చేయించుకున్నవారు షుగర్ నార్మల్ వచ్చిందని పరీక్షలు మానేయకండి. ఇన్సులిన్ వేసుకుంటున్నవారు ఇది చదివి తమంతట తాము ఏదీ ఆపకండి, తగ్గించకండి.

సార్లు, మేడమ్‌లు మనకు నేర్పిన లెక్కలు, సైన్సు మార్కులతో అయిపోలేదు. మన రక్తపరీక్ష కాగితాన్ని మనం చదువుకోగలగడం కూడా వాళ్ల చదువే. ఈ యాభై ఏళ్ల పండుగకు వచ్చే మిత్రులంతా వజ్రోత్సవానికి కూడా చూపు చెడకుండా, కాలు తడబడకుండా రావాలని కోరుకుంటున్నాను. భోజనాల కమిటీవారికి ఒక్క మనవి. డబుల్ కా మీఠా తప్పకుండా పెట్టండి, గిన్నెలు మాత్రం చిన్నవి తెప్పించండి.